పన్నూ, పంటూ, పదకొండు గంటలూ

మా అల్లుడు అగ్గిపుల్లంత ఉంటాడు. అతని లారీ అగ్గిపెట్టెంత ఉంటుంది. నేను కోతలు కోస్తానని ఇంట్లో పేరుంది గానీ ఇది మాత్రం కోత కాదు. మా మిద్దె మీద నిలబడి నది అవతలికి చూస్తే ఎవరికైనా అంతే కనిపిస్తారు. దగ్గరికొస్తే ఆరడుగుల మనిషి, మా గుమ్మంలోంచి తల వంచుకునే రావాలి. ఆ దగ్గరికి రావడమే అరుదు.

నాలుగు రోజులకొకసారి, పొద్దున్న తొమ్మిది కావస్తుండగా, అవతలి గట్టు మీదున్న కంకర మైదానంలోకి ఆ అగ్గిపెట్టె వచ్చి ఆగుతుంది. సాయంత్రం ఎనిమిదింటికి కదిలిపోతుంది. ఆ మధ్యలో పదకొండు గంటలపాటు మా ఇల్లు అతనికీ, అతని లారీ మాకూ కనిపిస్తూనే ఉంటాయి. నది వెడల్పు కిలోమీటరు కూడా లేదు. వంతెన మీంచి రావాలంటే మాత్రం ఎగువకి ముప్పై అయిదు కిలోమీటర్లు పోయి, ఇటువైపు మళ్లీ అంతా దిగి రావాలి. గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నరే అతని దగ్గర ఉండదు.

లారీ నడిపేవాళ్లకి ఒక లెక్క ఉంది. రోజుకి తొమ్మిది గంటలు మించి నడపకూడదు. నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావు గంట ఆగాలి. తొమ్మిదీ పూర్తయ్యాక పదకొండు గంటలు ఏకబిగిన విశ్రాంతి తీసుకోవాలి. ఇదంతా స్టీరింగు పక్కనున్న ఒక నల్ల డబ్బా రాసుకుంటూ ఉంటుంది. అడిగితే సన్నటి చీటీ ఒకటి కక్కుతుంది. రాత్రి పదకొండింటికి ఫ్యాక్టరీ గేటు దాటిన మా అల్లుడికి సరిగ్గా ఆ కంకర మైదానం దగ్గరికి వచ్చేసరికి గంటలు నిండుకుంటాయి. ఎవరో పగబట్టి కొలిచినట్టు.

ఆ డబ్బా కళ్లు కప్పే మాయలు తెలిసినవాళ్లున్నారు. ఎక్కడో ఒక అయస్కాంతం అంటిస్తే, లారీ ఊళ్లకి ఊళ్లు దాటుతున్నా డబ్బా మాత్రం 'నిద్రపోతున్నాడు పాపం' అని రాసుకుంటుందట. తోటి డ్రైవర్లు అతనికి ఆ అయస్కాంతాన్ని ఊరికే ఇస్తామన్నారు. అతను పుచ్చుకోలేదు. అప్పటినుంచి అతన్ని 'రూళ్లకర్ర' అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

రూళ్లకర్ర పుట్టుకతో తిన్నగా లేడు. ఇరవై రెండేళ్లప్పుడు, ఈ డబ్బాలింకా రాని రోజుల్లో, ఒకసారి పంతొమ్మిది గంటలు ఆగకుండా నడిపాడు. కళ్లు తెరిచేసరికి ముందద్దం నిండా పసుపు పచ్చటి పూలున్నాయి. ఇంజిను నడుస్తూనే ఉంది. పొద్దుతిరుగుడు చేను మధ్యలో ఉన్నాడు. ఈ కథ నేను మనవరాలికి చెప్పేటప్పుడు, పూలన్నీ సూర్యుణ్ణి వదిలేసి మీ నాన్న వైపు తిరిగి 'ఎవరండీ మీరు?' అని అడిగాయంటాను. పిల్ల పడీపడీ నవ్వుతుంది. దానికి చెప్పని సంగతి ఒకటుంది. లారీ దిగి వెనక్కి నడిచి చూస్తే, రోడ్డు పక్కన బడిపిల్లలు బస్సు కోసం కూర్చునే చెక్క బల్ల విరిగి రెండు ముక్కలై పడి ఉంది. ఆ పూట బడికి సెలవు. బల్ల మీద ఎవరూ లేరు.

పెళ్లిచూపుల్లోనే ఈ మాట మా అమ్మాయితో చెప్పేశాడు. అది లోపలికొచ్చి, "నాన్నా, ఈయన చాలు నాకు" అంది. అంతకు ముందు వచ్చినవాళ్లు తమ గొప్పలు చెప్పుకున్నారు.

అతని లోడేమిటో చెబితే మీరు నన్ను నమ్మరు. పరుపులు. నూట ఎనభై పరుపులు వెనకాల కట్టుకుని, క్యాబిన్‌లో జానెడు బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని పడుకుంటాడు. పెళ్లయిన కొత్తలో ఫ్యాక్టరీవాళ్లు కుట్టు వంకర పోయిన పెద్ద పరుపొకటి అతనికి ఇచ్చారు. దాన్ని మా ఇంట్లో నది వైపు కిటికీ కింద వేశాడు. దాని మీద మా అమ్మాయి పడుకునే వైపు గుంట పడింది. అతని వైపు ఇప్పటికీ కొత్తదే. దుప్పటి మార్చేటప్పుడు మా అమ్మాయి ఆ వైపు చేత్తో ఒకసారి నిమిరి, ఏమీ ఎరగనట్టు అంచులు లోపలికి దోపుతుంది.

వారాంతపు సెలవు ఉండదా అంటారేమో. ఉంటుంది. అది ఎక్కువగా రోడ్డుకి ఆ చివరో ఈ చివరో వస్తుంది. రెండు మూడు వారాలకి ఒకసారి మాకు దక్కుతుంది. మిగతా రోజుల్లో మిద్దె మీంచి పలకరింపులే. ఫోను ఉందనుకోండి, అయినా మా మనవరాలికి ఫోను ఆనదు. పిట్టగోడ ఎక్కి స్టీలు కంచాన్ని ఎండలో తిప్పుతుంది. అవతల హెడ్‌లైట్లు వెలుగుతాయి. ఒకసారి వెలిగితే తిన్నానని, రెండుసార్లయితే పడుకుంటున్నానని. మూడుసార్లయితే ఏమిటని అడిగితే, "అది అమ్మకట, నీకు చెప్పకూడదట" అంది.

"అంత దగ్గరుండి రాడేం తాతయ్యా?" అని అది నాలుగో ఏట అడిగింది. నిజం చెప్పే అలవాటు లేక నేనొక కథ అల్లాను. ఆ నల్ల డబ్బాలో బొటనవేలంత ఆఫీసరొకడు ఉంటాడు, మీసాలు మాత్రం మూరెడు. నాన్న నిద్రని గింజ గింజా లెక్కపెడుతుంటాడు. మధ్యలో ఎవరైనా స్టీరింగు ముట్టుకున్నా, నాన్నని లేపినా వాడు గట్టిగా తుమ్ముతాడు. గింజలన్నీ చెదిరిపోతాయి. మళ్లీ సున్నా నుంచి పదకొండు గంటలూ మొదలు. పిల్ల కళ్లింత చేసుకుని విన్నది. కథ చెప్పినవాడు మర్చిపోయినా విన్నవాళ్లు మర్చిపోరని నాకు ఈ వయసులో తెలిసొచ్చింది. అది తర్వాత చెబుతాను.

అసలు సంగతి పన్నుది. ఆరో ఏడు దాటాక దానికి ముందు పళ్లు ఊడటం మొదలైంది. మొదటిది బడిలో ఊడింది. రెండోది రొట్టెలో ఇరుక్కుని వచ్చింది. రెండుసార్లూ అల్లుడు నది అవతలే ఉన్నాడు. రెండోసారి ఫోనులో అన్నాడు: "మూడోది నేను పీకుతానమ్మా. ఇంటికొచ్చి, మన గుమ్మంలో కూర్చోబెట్టి పీకుతాను. అందాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

ఇక చూడండి. మూడో పన్ను కదలడం మొదలైన దగ్గర్నుంచి పిల్ల ఎడమవైపు నమలదు, గట్టిగా నవ్వదు, తుమ్మొస్తే మూతి పట్టుకుంటుంది. పన్ను ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఆ వారం సెలవు అల్లుడికి రోడ్డు ఆ చివరే వచ్చింది. ఇంటికి రావాలంటే ఇంకా పదకొండు రోజులు. పన్ను పదకొండు గంటలు ఉండేట్టు లేదు.

"పదవే తొర్రీ, పంటు ఎక్కి అవతలికెళ్దాం. లారీలోనే పీకించుకుందువు గాని" అన్నాను. పంటు అంటే మనుషుల్నీ బళ్లనీ నది దాటించే బల్లకట్టు పడవ. మా ఇంటి కిందే దాని రేవు. కాపలా లేని మైదానంలో లారీ వదిలేసి అల్లుడే పంటెక్కి రావడం కుదరదు.

"నాన్న ఇంటికొచ్చి అన్నాడు."

"లారీ కూడా ఇల్లులాంటిదే కదా."

"గుమ్మం ఉందా దానికి?"

తండ్రి రూళ్లకర్ర, కూతురు స్కేలు బద్ద. ఏం చెయ్యను?

మర్నాడు పొద్దున్న అగ్గిపెట్టె వచ్చి ఆగింది. మా అమ్మాయి అప్పటికే ఆసుపత్రి లాండ్రీకి డ్యూటీకెళ్లిపోయింది. అక్కడ ఫోన్లు బీరువాలో పెట్టేసుకుంటారు. బడికి సెలవు. పిల్లని పక్కింటావిడకి అప్పగించి, క్యారియరు పట్టుకుని పది గంటల మొదటి పంటులో నేనొక్కణ్ణే అవతలికెళ్లాను.

అల్లుడు క్యాబిన్ తలుపు తీసి చెయ్యందించాడు. "మెల్లిగా మామయ్యా, మోకాళ్లు జాగ్రత్త."

"నా మోకాళ్లకేం, నీ కూతురి పన్ను సంగతి చూడు. ఇవాళో రేపో రాలిపోతుంది. అన్నం మానేసి పాలు తాగుతోంది. అదంతా నీ మాట కోసం."

అతను మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టి మా మిద్దె వైపు చూశాడు. కంచం తళుక్కుమంది. పక్కింటావిడ చేతిలో పిల్లని పెట్టడమంటే అంతే, అప్పుడే మిద్దెక్కేసింది.

"ఒక్క గంటన్నర మామయ్యా," అన్నాడు. "నిన్న ఒకడు అయస్కాంతం ఇస్తానన్నాడు మళ్లీ. చేతిలోకి తీసుకున్నాను కూడా."

"తీసుకుని?"

"ఆ బడిపిల్లల బల్ల గుర్తొచ్చింది. ఇచ్చేశాను."

గాలికి నా వైపు కిటికీ గడగడ కొట్టుకుంటుందేమో, అద్దానికీ చట్రానికీ మధ్య మడిచి దూర్చిన ప్లాస్టిక్ కవరు ఒకటి కనిపించింది. ఊరికే ఉండలేని చెయ్యి కదా, లాగాను. లోపల ఒక పలచటి పుస్తకం, ఇంగ్లీషులో. డ్రైవర్ల పని గంటలు, విశ్రాంతి, నిబంధనలు.

"ఇది చదివావా?"

"ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఇచ్చారు. ఇంగ్లీషు కదా. మా పెద్ద డ్రైవరు నోటితో చెప్పాడు, నేను గుర్తుపెట్టుకున్నాను. ఎనిమిదేళ్లయింది, ఒక్కటీ తప్పలేదు. అది తీస్తే కిటికీ చప్పుడు చేస్తుంది మామయ్యా, పెట్టెయ్యండి."

నన్ను కాన్వెంటులో సిస్టర్లు పెంచారు. పేజీ అడుగున ఉండే చీమ తలకాయలంత అక్షరాలు చదవకుండా పేజీ తిప్పితే వేలి కణుపుల మీద పడేది. ఆ భయం ఇంకా పోలేదు. కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టాను. అల్లుడు క్యారియరు విప్పి తింటున్నాడు. పదిహేడో పేజీ అడుగున ఆగాను.

"అల్లుడూ, విశ్రాంతి మధ్యలో స్టీరింగు ముట్టుకుంటే ఏమవుతుంది?"

"సున్నా. మళ్లీ మొదటినుంచి."

"ఎవరు చెప్పారు?"

"పెద్ద డ్రైవరు."

"ఆయన పడవ ఎప్పుడైనా ఎక్కాడా?"

"మామయ్యా, కథలొద్దు."

"కథ కాదయ్యా, విను. బండి పంటు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ విశ్రాంతిని రెండుసార్లు ఆపుకోవచ్చట. రెండూ కలిపి గంట మించకూడదు. డ్రైవరుకి పడక ఉండాలి. అంతవరకూ పడుకున్న గంటలు ఎక్కడికీ పోవు."

అతను ముద్ద చేతిలోనే పట్టుకుని నా మొహంలోకి చూశాడు. నలభై ఏళ్లుగా కోతలు కోసిన మొహం ఇది. ఒక్క నిజం చెబుదామంటే అక్కరకు రాలేదు.

"ఒట్టు?"

"నీ కూతురి పన్ను మీద ఒట్టు."

అతను నమ్మలేదు. నమ్మనందుకు నాకు ముచ్చటేసింది. చెయ్యి కడుక్కుని, ఫ్యాక్టరీ ఆఫీసులో రూట్లు రాసే ఆవిడకి ఫోను చేసి, స్పీకరు పెట్టాడు. ఆవిడ ముందు నవ్వింది, తర్వాత కాగితాలు తిప్పింది, తర్వాత, "ఉందయ్యా. డబ్బాలో పంటు బొమ్మ గుర్తు ఒకటుంటుంది, ఎక్కేముందు అది నొక్కాలి. నీకు తెలీదా?" అంది.

"ఎందుకుందో తెలీక ఎప్పుడూ ముట్టుకోలేదండీ."

"నీ బరువు పంటుకి ఆగుతుందా?"

"పరుపులేనండీ."

"అవతల లారీ పెట్టడానికి కాపలా ఉందా?"

"రేవులో గేటూ ఉంది, కాపలా మనిషీ ఉన్నాడు" అని నేను అందుకున్నాను. ఈ గట్టు మీద కాపలా లేకే కదా అతను లారీ వదిలి రాలేనిది.

"ఆ మాట్లాడేదెవరు?"

"మా మామగారండీ."

"సరే, ఈసారికి రూటు మారుస్తాను. ప్రతిసారీ అంటే కుదరదు, వంతెన రూటుకి ఇన్సూరెన్సు రాసుకున్నాం. కారణం ఏం రాయమంటావ్?"

అల్లుడు తటపటాయించాడు. "పాప పన్ను ఊడుతోందండీ."

"రాశాను. మళ్లీ పన్ను ఊడేటప్పుడు అడుగు, చూద్దాం" అంది ఆవిడ, నవ్వుతూ.

పదకొండున్నర పంటుకి వరసలో ఉన్నాం. అతను చూపుడు వేలు చొక్కాకి తుడుచుకుని ఆ గుర్తు నొక్కాడు. లారీ పంటు పలకల మీదికి ఎక్కడానికి పదకొండు నిమిషాలు పట్టింది. నది మధ్యలో అతను క్యాబిన్ దిగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదేళ్లుగా కిటికీలోంచి చూస్తున్న ఇల్లు. పిట్టగోడ, దాని మీద కంచం, కంచం వెనక పిల్ల. అగ్గిపుల్లంత పిల్ల వేలెడయింది, జానెడయింది, మూరెడయింది. అప్పుడు కంచం కింద పడిన చప్పుడు నీళ్ల మీదుగా మా దాకా వినిపించింది. పిట్టగోడ మీద పిల్ల లేదు.

దిగి రేవు గేటు లోపల లారీ పెట్టేసరికి తొమ్మిది నిమిషాలు. మొత్తం ఇరవై. అతను రెండుసార్లు లెక్క చూసుకున్నాడు.

పిల్ల గుమ్మంలో మూతి గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. అరిస్తే పన్ను పోతుందని భయం. తండ్రి మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాస్తే, ఉరికి రాకుండా అడుగులో అడుగేసుకుంటూ, నిండు గ్లాసు మోస్తున్నట్టు వచ్చింది.

"ఏదీ, నోరు తెరు."

తల అడ్డంగా ఊపింది. "ముందు పడుకో. తర్వాత."

"వచ్చిందే దానికి కదమ్మా."

"తర్వాత" అంది మళ్లీ, పెదాలు కదపకుండా.

సరేనని అతను వెళ్లి ఆ వంకర కుట్టు పరుపు మీద, గుంట పడని వైపు వాలాడు. మోకాళ్లు ముడుచుకునే పడుకున్నాడు, అలవాటు కొద్దీ. కాసేపటికి అవి వాటంతటవే చాపుకున్నాయి. పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. నేను దగ్గితే వేలు చూపించింది.

రెండు దాటాక మా అమ్మాయి వచ్చింది. తలుపు దగ్గర ఆ పెద్ద బూట్లు చూసింది. లోపలికి రాలేదు. సంచీ భుజాన ఉండగానే ఆ బూట్ల ఎదురుగా నిలబడిపోయింది. కొంతసేపయ్యాక వంగి, వాటి పక్కన తన చెప్పులు విడిచి, రెండు జతల కొసలూ సమానంగా సర్దింది.

మూడు గంటలకి పిల్ల తండ్రి భుజం తట్టింది. "నాన్నా, లేచావా?"

"ఊఁ, లేచానమ్మా."

"సరే, పడుకో."

నాలుగింటికి మళ్లీ. అయిదింటికి మళ్లీ. మా అమ్మాయి విసుక్కుంది. "ఏమే, నిద్రపోనివ్వవా మీ నాన్నని? రాత్రంతా నడపాలి."

పిల్ల వాళ్లమ్మకేసి జాలిగా చూసింది. ఇంత తెలీదా అన్నట్టు. "లేపితే సున్నా కదమ్మా. ఇప్పుడు అయిదు. మళ్లీ పదకొండు గంటలు ఇక్కడే ఉండాలి. అప్పుడు మళ్లీ లేపుతాను."

అల్లుడు లేచి కూర్చున్నాడు. ముగ్గురూ నా వైపు తిరిగారు. చెదిరిన గింజలన్నీ నా నెత్తిన పడ్డట్టయింది.

"ఏం కథలు చెప్పారు మామయ్యా దీనికి?"

నాకు నవ్వాలనే ఉంది గానీ రాలేదు. అతను పిల్లని ఒళ్లోకి లాక్కున్నాడు. "నువ్వు లేపితే సున్నా అవదమ్మా. నేను లారీ దగ్గరికెళ్లి నడిపితేనే అవుతుంది. నేను నిద్రపోయినా, మేలుకున్నా గంటలు అయిపోతూనే ఉంటాయి."

"ఆగవా?"

"ఆగవు."

"మరి పంటు ఎక్కేటప్పుడు ఆపానన్నావుగా?"

"అవును. ఇరవై నిమిషాలు. అవి నీవే. ఎనిమిదింటికి వెళ్లను, ఎనిమిదీ ఇరవైకి వెళ్తాను."

పిల్ల లెక్క వేసుకుంది. పెద్ద లాభంగా అనిపించినట్టు లేదు, అయినా ఒప్పుకుంది.

ఎనిమిది కొట్టాక ఆ ఇరవై నిమిషాల్లో తండ్రీ కూతుళ్లు గుమ్మంలో కూర్చున్నారు. వీధి దీపం వెలుతురు చాలదని మా అమ్మాయి టార్చి పట్టుకుంది. పిల్ల తనే నోరు తెరిచింది. అతను రెండు వేళ్లతో పట్టుకుని, "ఇవాళ పంటులో ఎన్ని బళ్లున్నాయో తెలుసా?" అన్నాడు. "ఎన్ని?" అనేలోపు పన్ను అతని చేతిలో ఉంది. ఏడవలేదు. నాలుకతో ఆ ఖాళీని తడుముకుంటూ ఉండిపోయింది. అతను డబ్బా కక్కిన చీటీ జేబులోంచి తీసి, పన్ను అందులో చుట్టి, ఆ పొట్లం దాని గుప్పిట్లో పెట్టాడు.

"ఇంగ్లీషు పుస్తకం మీ దగ్గరే ఉంచండి మామయ్యా," అన్నాడు బూట్లు తొడుక్కుంటూ. "అడుగునున్న చిన్న అక్షరాలు ఇంకేమైనా ఉంటే చూడండి."

"కిటికీ చప్పుడు చేస్తుందే?"

"చెయ్యనివ్వండి."

రేవు గేటులోంచి లారీ బయటపడింది. వీధి మలుపు దగ్గర హెడ్‌లైట్లు మూడుసార్లు వెలిగాయి. మా అమ్మాయి తలుపు వేసుకుని లోపలికెళ్లింది. పరుపు మీద దుప్పటి సర్దుతుందనుకున్నాను. సర్దలేదు. అతని వైపు పడ్డ ముడతల్ని అలాగే ఉంచి, తన వైపు పడుకుంది.

పిల్ల నా పక్కన గుమ్మంలోనే కూర్చుంది. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఏదో పనిలో ఉంది.

"ఏం చేస్తున్నావే తొర్రీ?"

"మళ్లీ పన్ను ఊడేటప్పుడు అడగమంది కదా ఆఫీసావిడ. నాన్న చెప్పాడు." ఆకాశం వైపు మొహమెత్తి నోరు బార్లా తెరిచింది. "చూడు తాతయ్యా, ఇంకోటి కదులుతోందా?"

కళ్లద్దాలు పెట్టుకుని, టార్చి వేసి, ఒక్కొక్క పన్నూ వేలితో కదిపి చూశాను. అన్నీ రాతిగోడలో రాళ్లలా ఉన్నాయి. ఒక్కటీ మిల్లీమీటరు కూడా జరగలేదు.

"కదులుతోందే," అన్నాను. "ఇదిగో, కుడివైపుది. కొంచెం కదులుతోంది."